ఉతకని చొక్కా

మా ఆయన పోయాక కూడా ఆస్ట్రేలియాలో ఒకావిడకి ఆయన బతికే ఉన్నారు. ఆవిడ అక్కడెక్కడో పల్లెటూళ్ళో కుక్కల్ని పెంచుతుంది. ముద్దు చేసుకునే కుక్కలు కావు, గొర్రెల్ని మళ్లేసే పనికుక్కలు. కెల్పీలంటారు. ఆవిడ దగ్గర ఒక కుక్కపిల్ల కోసం మేం ముందే చెప్పి ఉంచాం. ఆయన కర్మలన్నీ అయ్యాక తెనాలిలో మా అన్నయ్య ఇంట్లో మంచం మీద కూర్చుని ఉండగా ఆయన ఫోన్‌కి ఆవిడ మెసేజ్ వచ్చింది. పిల్లలు కళ్ళు తెరిచాయి, మీ చెరువు గట్టు మీద పక్షులు ఎలా ఉన్నాయి, అని. ఎక్కువగానే ఉన్నాయి అని ఆ ఫోన్లోంచే జవాబు కొట్టి, ఫోన్ బోర్లా పెట్టి, వాళ్ళిచ్చిన కాఫీ తాగాను. కాఫీలో చక్కెర ఎక్కువైందని అనుకోవడం గుర్తుంది. ఇంకేమీ అనుకోలేదు.

మా ఇల్లు రేపల్లెలో. చెరువులు నగరం అనే ఊరు దాటాక, సముద్రం వైపు. రొయ్యల చెరువులు. రొయ్య పెంచేవాడికి పక్షిని మించిన శత్రువు లేదు. ఎవరి చెరువులోనో జబ్బు చేసిన రొయ్యను నీటికాకి ముక్కున కరుచుకుని ఎగురుతూ మన నీళ్ళలో జారవిడిచిందంటే చాలు, తెల్లమచ్చ వైరస్ వచ్చి కూర్చుంటుంది. పంట మొత్తం తుడుచుకుపోతుంది. అందుకని అందరూ చెరువు మీద అడ్డంగా తాళ్ళు కడతారు, మనుషుల్ని పెట్టి టపాకాయలు కాల్పిస్తారు. ఆ టపాకాయలకి పక్షులు మొదట్లో బెదురుతాయి. తర్వాత పెళ్ళిమేళం విన్నట్టు కూర్చుని వింటాయి.

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. మా ఆయన ఫోన్లో ఏదో వీడియో చూశారు. ఎక్కడో విదేశంలో ఒక కుక్క గట్ల వెంట పరుగెత్తుతూ పక్షుల్ని వాలనివ్వకుండా తరుముతోంది. ఇక అంతే, ఆయన్ని పట్టలేకపోయాను.

"మన వీధిలో కుక్కలకేం తక్కువండి?" అన్నాను.

"తక్కువ లేవు. మన మాట వింటాయా అవి?" అన్నారు.

"ఇది మాత్రం వింటుందా?"

"దానికి పని చెయ్యడమే పండగంట."

"అయితే ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో నాకో తోడు దొరుకుద్ది" అన్నాను. ఆయన నవ్వలేదు, అప్పటికే ఇంకో వీడియోలో ఉన్నారు.

బాపట్లలో ఆయన అక్కగారుంటారు, నాకు పెద్ద ఆడపడుచు. టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయి చాలాకాలమైంది. మాకు పిల్లల్లేరు, ఆవిడకీ లేరు. తమ్ముడి మీద పెత్తనం ఆవిడకి పుట్టుకతో వచ్చిన హక్కు. కుక్క సంగతి వినగానే "కుక్క తోక పట్టుకుని గోదారి ఈదుతానన్నాడంట నీలాంటోడే" అన్నారు. ఆయన ఆ మాటకి పొంగిపోయారు. అక్క తిట్టిందంటే ఆ పని అయితీరుతుందని ఆయన నమ్మకం.

మా ఎండలకి ఆగే జాతి కావాలని వెతికి వెతికి ఆస్ట్రేలియా దగ్గర ఆగారు. అనుమతులూ కాగితాలూ మద్రాసులో ఒక ఏజెంటు చూస్తానన్నాడు. కష్టమైంది కాగితాలు కాదు, ఆ పెంపకందారావిడ. వీడియోలో ఆయన్ని కూర్చోబెట్టి పెళ్ళిచూపుల్లో అడిగినట్టు అడిగింది. రోజుకి ఎంతసేపు గట్టు మీద నడుస్తారు? నీడ ఉందా? అన్నం ఎవరు పెడతారు? గొలుసుతో కట్టేస్తారా? అన్నీ అడిగి చివరికి, నేను ఇంటికి కుక్కనివ్వను, మనిషికిస్తాను, ఆ మనిషి ఎవరు అంది. "నేనే మేడమ్" అన్నారు ఈయన, లేచి నిలబడి. కుక్కకి మన భాష వస్తుందా అని మాకెవరికీ బెంగ లేదు. మా వైపు కుక్కతో తెలుగులో మాట్లాడేవాళ్ళు అరుదు. ఎనిమిదో తరగతి దాటనివాళ్ళు కూడా కుక్కని చూడగానే కమ్ము, సిట్టు, గో అంటారు.

అక్కడ పిల్లలు పుట్టాయని ఫొటో వచ్చింది. ఆయన దాన్ని టిఫిన్ సెంటర్లో కూడా అందరికీ చూపించారు. తర్వాత కొద్ది రోజులకి ఏరేటర్ మోటారుకి సామాను కొనడానికి తెనాలి వెళ్ళారు. తిరిగొస్తూ రేపల్లె రైలు కోసం ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చున్నారు. రైలొచ్చింది లేవండి బాబాయ్ అని పక్కనున్న అబ్బాయి ఎవరో తట్టాడట. గుండె ఆగిపోయిందన్నారు. మోటారు సామాను సంచీ ఒళ్ళోనే ఉంది, దాన్ని నాకు భద్రంగా అప్పగించారు. నేను అది తీసుకుని, మోటారు ఆగిపోతే నీళ్ళలో గాలి తగ్గిపోతుందని, వెంటనే చెరువు మీదకి పంపించాను. అది చూసి కొంతమంది నోళ్ళు నొక్కుకున్నారు. రొయ్యకి మన ఇంట్లో ఎవరు పోయారో తెలియదు కదా.

నేను ఏడవలేదు. ఏడుపు ఆపుకున్నానని కాదు, అసలు రాలేదు. వచ్చినవాళ్ళంతా "ఏడువమ్మా, ఏడిస్తే బరువు దిగుద్ది" అనేవాళ్ళు. బరువేమీ లేదని చెబితే బాగుండదని తలవంచుకు కూర్చునేదాన్ని. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. కుక్క సంగతి విని వెనకాల నవ్వినవాళ్ళే ఆయనదెంత ముందుచూపండీ అన్నారు. నేను వాళ్ళ మాటలు వింటూ ఎవరి జాకెట్టు చేతులు ఎలా కుట్టారో చూస్తూ ఉండిపోయాను.

పెద్దకర్మ నాడు ఆయన బట్టలన్నీ మూటగట్టి చాకలికిచ్చేశాం. అది మా ఆచారం. ఆడపడుచు దగ్గరుండి తీయించారు. "ఒక్కటి కూడా ఉంచొద్దు. పోయినోళ్ళ గుడ్డలుంటే ప్రాణం ఇంటి చుట్టూ తిరుగుద్ది" అన్నారు. నేను బీరువాలోంచి ఒక్కొక్కటీ తీసి అందించాను. దుప్పట్లు, తలగడ గలేబులు ఉతికించారు. ఇల్లంతా కడిగించారు. సాయంత్రానికి ఇంట్లో ఫినాయిల్ వాసన తప్ప ఇంకేమీ మిగల్లేదు.

తర్వాత మా అన్నయ్య వచ్చి నన్ను నిద్రకి తీసుకెళ్ళాడు. పోయినవాళ్ళ ఇంటి మనిషిని దగ్గరి బంధువులు తమ ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టి పంపిస్తారు. ఆ నిద్రలు అయితేగానీ మరొకరి గడప తొక్కకూడదు. మొదట తెనాలి, తర్వాత బాపట్ల అని పెద్దవాళ్ళు తేల్చారు. కాఫీలో చక్కెర ఎక్కువైంది ఆ తెనాలి నిద్రలోనే.

ఆ ఆస్ట్రేలియా ఆవిడకి నిజం ఎందుకు చెప్పలేదంటే, చెబితే కుక్కనివ్వదని ఒక లెక్క ఉంది. ఆవిడ ఇస్తానన్నది ఆయనకి. కానీ అదొక్కటే కాదు. ఊళ్ళో ఎవరు ఎదురైనా నన్ను చూడగానే మొహం మార్చేసేవాళ్ళు. కూరగాయలబ్బాయి కూడా గొంతు తగ్గించి బెండకాయలు తూచేవాడు. ఈవిడ ఒక్కతే మామూలుగా మాట్లాడేది. ఎండెలా ఉంది, పొద్దున ఎన్ని నీటికాకులు కనిపించాయి అని అడిగేది. నన్ను కాదు, ఆయన్ని. నేను ఆయన మాట్లాడే తీరులోనే, వాక్యం చివర మేడమ్ తగిలించి, జవాబులిచ్చేదాన్ని. జవాబివ్వాలంటే పక్షుల్ని చూడాలి, చూడాలంటే గట్టు మీదకి వెళ్ళాలి. అలా రోజూ చెరువు మీదకి వెళ్ళడం మొదలుపెట్టాను. మేత వేయించడం, ట్రే పైకి లాగి రొయ్య ఎంత తిన్నదో చూడడం, మోటార్లు చూడడం, అన్నీ ఆ వంకతోనే నా చేతిలోకి వచ్చాయి.

ఒకరోజు ఆవిడ రాసింది. పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి విడదీసే రోజులొస్తున్నాయి. మీరు మూడు రోజులు తొడుక్కున్న చొక్కా ఒకటి ఉతక్కుండా పంపండి. మీ పిల్ల పక్కలో వేస్తాను. తను వినవలసింది ఎవరి మాటో దానికి ముందే తెలియాలి. మట్టి మాత్రం లేకుండా దులపండి, మా కస్టమ్స్ వాళ్ళు ఊరుకోరు.

బీరువా తీశాను. ఖాళీ హ్యాంగర్లున్నాయి. చెరువు మీద షెడ్డులో కొక్కేనికి తువ్వాలు ఉంది గానీ దాంతో పనివాళ్ళందరూ మొహాలు తుడుచుకుంటున్నారు. మంచం కింద, స్కూటర్ డిక్కీలో, మేడమెట్ల కింద చూశాను. ముప్పై ఏళ్ళు ఒక మనిషి తిరిగిన ఇంట్లో ఆయన చెమట అంటిన గుడ్డపీలిక లేదు. బాధ కలగాల్సిన చోటది. నాకు బజారుకెళ్ళి సంచీ మర్చిపోయిన చికాకు మాత్రమే కలిగింది. ఆ వారంలోనే రేపల్లె సెంటర్లో ఆయన తెల్లచొక్కా తొడుక్కుని ఎవరో సైకిల్ మీద పోవడం చూశాను. శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. చక్కగా సరిపోయింది కూడా.

బాపట్ల నిద్రకి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడపడుచు వక్క కత్తిరించుకుంటూ కూర్చున్నారు.

"వదినగారూ, ఆయన చొక్కా ఏదైనా మీ దగ్గరుందా?" అన్నాను.

"నా దగ్గరెందుకుంటది? అన్నీ ఇచ్చేశాం గదా. ఏం?"

మొత్తం చెప్పాను. ఫోన్ చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మెసేజ్‌లన్నీ పైనుంచి కిందిదాకా చదివారు.

"అంటే వాడున్నాడనే చెప్తున్నావా?"

"ఉన్నారని చెప్పట్లేదండి. లేరని చెప్పట్లేదు, అంతే."

ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. లేచి బీరువా తీసి, పట్టుచీరల అడుగునుంచి ఒక ప్లాస్టిక్ కవరు లాగారు. మూతి గట్టిగా ముడేసి ఉంది. లోపల చెరువు మీదకి తొడుక్కెళ్ళే నీలం గళ్ళ చొక్కా.

"మూటలోంచి నేనే తీశా. ఆచారం తెలీక కాదు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన పోయాక నాకంటూ ఏదైనా అనిపించడం అదే మొదలు. "నా చేత బనియన్లతో సహా ఇప్పించారు. మీరు మాత్రం దాచుకున్నారా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"దాచుకున్నా. నువ్వు ఒక్కొక్కటీ తీసి, లెక్క అప్పజెప్పినట్టు ఇస్తున్నావు. నీకు అక్కర్లేదేమో అనుకున్నా."

ఆవిడ ముడి కాస్త వదులు చేసి, మొహం దగ్గర పెట్టుకుని, మళ్ళీ గబగబా బిగించేశారు. వాసన పోతుందని. ఎన్నిసార్లు అలా చేశారో గానీ కవరు మూతి నలిగి మెత్తబడిపోయి ఉంది.

"దీన్ని కుక్కకి పంపుతావా?"

"పంపకపోతే అది రాదండి."

"సరే, పంపావే అనుకో. వాడి వాసన పట్టుకుని అంత దూరం నుంచి వచ్చి ఇక్కడెవర్ని వెతుక్కుంటదే అది?"

నిజంగా అది నాకు తోచలేదు. ఇన్నాళ్ళూ కుక్క రావడం గురించే ఆలోచించాను గానీ వచ్చాక దానికి ఆయన కావాలని, లేకపోతే అది ఇల్లంతా తిరుగుతుందని అనుకోలేదు. ఇద్దరం కవరు మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం.

"గట్టు మీద ఎవరు తిరుగుతున్నారు ఇప్పుడు?" అన్నారు చివరికి.

"నేనే."

"అయితే నువ్వే తొడుక్కో. తొడుక్కుని తిరుగు. తర్వాత పంపు."

"తొడుక్కుంటే ఇందులోంచి ఆయన పోతారు వదినగారూ."

"తెలుసులే" అన్నారు.

కవరు తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. చాలాసేపటికి వచ్చి నా చేతిలో పెట్టారు. చొక్కా కవర్లో లేదు, విడిగా మడతపెట్టి ఉంది.

పొలాల్లో పనిచేసే ఆడవాళ్ళు చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కోవడం మా వైపు ఎవరికీ వింత కాదు. ఎండకి, దుమ్ముకి అదే గొడుగు. నేను మాత్రం ఎప్పుడూ తొడుక్కోలేదు, చదువుకున్నదాన్నని బింకం. మర్నాడు చెరువు మీద చీర మీద ఆ నీలం గళ్ళ చొక్కా తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నాను. మొదటి రోజు మెడ ఎటు తిప్పినా కాలర్‌లోంచి ఆయన వచ్చారు. కొబ్బరినూనె, రొయ్యల మేత, చెమట. నేను అవసరం లేకపోయినా మెడ తిప్పుతూ నడిచాను. రెండో రోజు ఉందా లేదా అని వెతుక్కున్నాను. మూడో రోజు మధ్యాహ్నం ఎండలో రెండు చెరువుల చుట్టూ తిరిగి వచ్చి కాలర్ ముక్కుకి ఆనించుకుంటే అందులో నేనే ఉన్నాను. అప్పుడైనా ఏడుస్తానేమో అని కాసేపు షెడ్డులో కూర్చుని చూశాను. రాలేదు. చొక్కాకి మట్టి లేకుండా దులిపి, మడిచి, పార్సిల్ చేయించాను.

పార్సిల్ చేరిందని ఆవిడ రాసిన రోజున నేను కూడా రాశాను. చొక్కా ఆయనది, వాసన నాది. ఆయన చనిపోయారు. కుక్క మనిషిని నేనే. ఇంగ్లీషులో ఆ మాటలు చాలా పొట్టిగా ఉన్నాయి. ఎవరికో సంబంధించిన కబురు చేరవేసినట్టే కొట్టేశాను. మేడమ్ అని పెట్టలేదు.

రోజంతా జవాబు లేదు. మర్నాడు ఫోన్ చేసింది. పరామర్శ ఉంటుందని సిద్ధపడ్డాను. ఆవిడ మొదట్నుంచి ఆ ప్రశ్నలన్నీ మళ్ళీ అడిగింది. ఎంతసేపు నడుస్తావు? నీడ ఉందా? అన్నం ఎవరు పెడతారు? నీకు కోపం ఎక్కువా?

"ఎక్కువే. కుక్కల మీద కాదు" అన్నాను.

సరే అంది. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం, ఆయన లేచి నిలబడి నేనే మేడమ్ అన్నారు, అది నాకు గుర్తుంది అంది. ఆ తర్వాత పంపిన ఫొటోలో ఒక పిల్ల చొక్కా చేతిలో తల దూర్చి పడుకుని ఉంది. నీ పిల్ల ఇదే, నేను ఎంచలేదు, అదే ఎంచుకుంది, అని రాసింది.

టీకాలకీ వయసుకీ నిబంధనలుంటాయి. ఏజెంటు కాగితాల్లో ఆయన పేరు తీసి నా పేరు పెట్టించాడు. ఆలోగా చెరువుల్లో రొయ్యలు పట్టి అమ్మేశాం, జబ్బు రాకుండా బయటపడ్డాం. అందరూ బాగా చేశావన్నారు. పిల్ల మద్రాసులో దిగే రోజున అన్నయ్య కారులో తీసుకెళ్ళాడు. డాక్టర్లు చూసి, కాగితాలు చూసి, చాలాసేపటికి పెట్టె ఇచ్చారు. ఎర్రమట్టి రంగులో, నిక్కబొడుచుకున్న చెవులతో, పొడుగుకాళ్ళ ఆడపిల్ల. తలుపు తీయగానే బెదురుతుందనుకున్నాం. బయటికొచ్చి, నా చేయి వాసన చూసి, నా పాదాల మీద కూర్చుంది.

"నీ కాళ్ళ దగ్గరే పుట్టినట్టుందే" అన్నాడు అన్నయ్య.

పెట్టె అడుగున చొక్కా ఉంది. కాలరూ ఒక చెయ్యీ తప్ప మిగతాదంతా కొరికి పీలికలు చేసింది.

దారిలో బాపట్లలో ఆగాం. ఆడపడుచు గుమ్మంలోనే ఉన్నారు. మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేని మనిషి గోడ పట్టుకుని నేల మీదకి దిగి, చెయ్యి చాపారు. పిల్ల మర్యాదగా ఆ చెయ్యి వాసన చూసి, వచ్చి నా వెనక నిలబడింది. ఆవిడ చెయ్యి అలాగే ఉంచి ఇంకాసేపు చూశారు.

"పోన్లే. దాని మనిషిని అది పట్టుకుంది" అని, లేచి పెరుగన్నం కలపడానికి లోపలికి వెళ్ళారు.

రేపల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. అన్నయ్య నన్ను దింపి తెనాలి వెళ్ళిపోయాడు. పిల్లని ఇంట్లో వదిలాను. అది ముక్కు నేలకానించి బయల్దేరింది. నడవాలో ఆయన పడక్కుర్చీ ఉంది. ఆయన పోయాక ఈ ఇంటికి ఎవరొచ్చినా దాని దగ్గర ఒక్క క్షణం ఆగుతారు, ఎవరూ అందులో కూర్చోరు. పిల్ల దాన్ని వాసన చూసి దాటిపోయింది. పడగ్గదిలోకి వెళ్ళింది, ఆయన పడుకునే వైపు మంచం కోడు చూసింది, వచ్చేసింది. ఆయన స్కూటర్, ఆయన చెప్పుల స్టాండు, వంటింట్లో ఆయన పీట. ఎక్కడా ఆగలేదు. ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, చూడాల్సిందేమీ లేదని తేల్చుకుని, వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకుని కళ్ళు మూసుకుంది.

అది ఎవరినీ వెతకలేదు. వెతకకూడదనే కదా వదినగారూ నేనూ అంత పనీ చేసింది. ఆయన కోసం వచ్చిన కుక్కకి ఆయన అక్కర్లేదు.

నాకు ఏడుపొచ్చింది. ఎక్కణ్నుంచి వచ్చిందో గానీ, కూర్చోవడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. గోడకి ఆనుకుని, వీధంతా వినపడేలా ఏడ్చాను. పిల్ల లేచి గట్టిగా మొరిగింది. పక్కింటి పిన్నిగారు చేతికి పిండి అంటుకుని ఉండగానే పరుగెత్తుకొచ్చారు.

"ఏంటమ్మాయ్, ఏమైంది? కరిచిందా?"

"లేదు పిన్నిగారూ" అన్నాను. "ఆయన పోయారు."